శనగగింజంత గొడుగు

నేను గొడుగులు తయారుచేస్తానని చెప్పుకోవడం ఉప్పల్‌లో మా వీధివాళ్ళకు చాలా ఏళ్ళు ఉపయోగపడింది. నాకు కాదు, వాళ్ళకు. తొంభైల్లో, తొలకరి పడగానే మా గేటు ముందు ఎవరో ఒకరు పుల్ల విరిగిన గొడుగు పట్టుకుని నిలబడేవారు.

"సారూ, మీరు గొడుగుల కంపెనీల జేస్తరంట గదా. జర గీ బటన్ పడ్తలేదు, సూడున్రి."

మొదట్లో వివరించబోయేవాణ్ణి. "మా గొడుగు వానకు కాదండీ, రక్తానికి" అనగానే ఎదుటి మనిషి ఓ అడుగు వెనక్కి వేసేవాడు. రెండో వాక్యానికి నిలిచేవాడు కాదు. అందుకని వివరించడం మానేసి బాగుచేయడం మొదలుపెట్టాను. ఇంజనీరింగు డిగ్రీతో మా వీధిలో నేను సంపాదించుకున్న గౌరవమంతా ఆ బటన్ల వల్లనే.

చెప్పింది అబద్ధమూ కాదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక పక్క పచ్చళ్ళ ఫ్యాక్టరీ, ఇంకో పక్క రబ్బరు చెప్పుల షెడ్డు, మధ్య ఇరుకులో మా షెడ్డు. మామిడికాయల కాలంలో అందరం తుమ్ముతూ పనిచేసేవాళ్ళం. అక్కడ మేము తయారుచేయాలనుకున్నది శనగగింజంత గొడుగు. ముడిస్తే నూలుపోగు లావున్న గొట్టంలో దూరిపోవాలి. విప్పితే శనగగింజంత విచ్చుకోవాలి.

ఎందుకంటే, మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో కొందరికి కొవ్వూ సున్నమూ పేరుకుని దారి ఇరుకవుతుంది. మెడ కోసి శుభ్రం చేయడం పాత పద్ధతి. కోయకుండా, తొడ మొదట్లో చిన్న రంధ్రం పెట్టి, అక్కడి నుంచి సన్నటి గొట్టాన్ని మెడ దాకా పంపి, ఇరుకైన చోట బెలూను ఊది వెడల్పు చేయడం అప్పుడప్పుడే వస్తున్న పద్ధతి. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ బెలూను ఊదగానే గోడకు పేరుకున్నది పెళ్ళలుగా రాలుతుంది. రాలిన పెళ్ళ అక్కడే ఉండదు, రక్తంతో పాటు మెదడుకు ప్రయాణం కడుతుంది. అక్కడ ఏ సన్న దారిలో ఇరుక్కుంటే ఆ దారి మీద బతికేదేదో ఆగిపోతుంది. చెయ్యి కావచ్చు, కాలు కావచ్చు, మాట కావచ్చు. కాబట్టి బెలూను ఊదేముందే ఆ ఇరుకుకు అవతల ఒక గొడుగు తెరిచి పెట్టాలి. రక్తం దాని చిల్లుల్లోంచి వెళ్ళిపోవాలి, పెళ్ళలు మాత్రం ఆగాలి. పనయ్యాక పెళ్ళలతో సహా ముడిచి బయటికి లాగేయాలి. చిల్లు పడిన గొడుగును లోకం పారేస్తుంది. మేము చిల్లులు పడని గొడుగును పారేసేవాళ్ళం.

దాని పుల్లలు నికెలూ టైటానియమూ కలిసిన తీగతో చేసినవి. ఎంత నలిపి గొట్టంలో కుక్కినా, బయటికి రాగానే తన పాత ఆకారం గుర్తుచేసుకుని విచ్చుకునే తీగ అది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండని నేను, ఆ తీగ జ్ఞాపకశక్తిని రోజూ పరీక్షపెట్టి మార్కులు వేసేవాణ్ణి.

ఈ పని మా షెడ్డుకు తెచ్చింది ఒక డాక్టరమ్మ. రక్తనాళాల సర్జను. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. మా షెడ్డు యజమానిని మేమంతా అన్న అనేవాళ్ళం. ఆయనేమో చూపు తక్కువ, మాటలు ఎక్కువ. వాళ్ళిద్దరి మధ్య నేను.

ఇక మా బావ. నా భార్యకు సొంత అన్న, నాకు బావ. ఆయన కూడా నన్ను బావ అనే పిలిచేవాడు. మా ఇంట్లో "బావా" అని వినబడితే ఇద్దరం తిరిగి చూసేవాళ్ళం, ఆయన నవ్వేవాడు, నేను లేచేవాణ్ణి. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండేవాడు. పెద్ద స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గొంతు ఎలాంటిదంటే, రైలు ఆలస్యమని ఆయన చెబితే జనం విసుక్కోవడం మాని ఇంకోసారి చెబితే బాగుండునన్నట్టు వినేవారు. మైకులో "దయచేసి గమనించండి" అంటూ అచ్చు పుస్తకంలా మాట్లాడేవాడు. రోజంతా అలా మర్యాదగా మాట్లాడగా మిగిలిపోయిన అమర్యాదనంతా ఆదివారం ఉప్పల్ వచ్చి నా మీద దించేవాడు.

"ఏం గొట్టం బావా, నీ గొడుగు తయారైందా? ఇగ వానలు గూడ అయిపోవట్టె."

మా కృష్ణా జిల్లాలో "ఏ గొట్టంగాడు" అంటే అచ్చమైన తిట్టు. బావ దానికి చుట్టరికం కలిపి బిరుదు చేశాడు. రోజంతా గొట్టాలతో గడిపేవాణ్ణి కాబట్టి కాదనడానికీ లేకపోయింది.

"గొడుగు అంటడు గనీ చెల్లే, అది చాయ జాలి. చాయ వడవోసెతందుకు గింత సదువెందుకు?" అనేవాడు చెల్లెలితో.

మా వైపు జాలి అంటే దయ. ఇక్కడ జాలి అంటే చిల్లుల జల్లెడ. పెళ్ళయిన కొత్తలో నా భార్య వంటింట్లోంచి "ఈ ఇంట్ల జాలి లేదు" అంటే నేను కంగారుపడి క్షమాపణ చెప్పాను. బావ దాన్ని మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా ఉన్న చుట్టాలందరికీ, ఒక్క స్టేషనూ వదలకుండా చేరవేశాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం వచ్చి, చాయ తాగుతూ, ఇంకో తమాషా కథ మొదలుపెట్టాడు.

"మొన్న మైకుల సెప్తున్న బావా. కాజీపేట పోయే ప్యాసింజరు, ఘట్‌కేసర్ మీదుగా అనాలె. 'ఘ' దాంక వచ్చింది, ఆగింది. ఘ… ఘ… అంతే. నోట్లె ఎవరో అరటిపండు కుక్కినట్టయింది. ప్లాట్‌ఫారం మీద పోరగాళ్ళు ఒకటే నవ్వుడు. సిగ్నల్ దొరకలే నాకు!"

నా భార్య నవ్వింది. నేనూ నవ్వాను. సాసరు పట్టుకున్న బావ కుడి చేతి వైపు చూసి ఆగిపోయాను.

"అప్పుడు చేతికేమైనా అయిందా, బావగారూ?"

"కుడి చెయ్యి జర తిమ్మిరెక్కింది. పెన్ను కింద వడ్డది. చాయ తాగేలోపట అంత మంచిగైంది. ఎందుకట్ల జూస్తున్నవ్?"

డాక్టరమ్మ మా షెడ్డులో కూర్చుని, మేము ఎవరి కోసం పనిచేస్తున్నామో చెబుతూ వర్ణించిన మనిషి, నా కుర్చీలో కూర్చుని నా బిస్కెట్లు తింటున్నాడు.

ఆ వారంలోనే బావను ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. మెడలోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే బొమ్మలు దీపం ముందు పెట్టి చూపించింది. ఎడమవైపు నాళం ఒకచోట దారపు పోగులా సన్నబడి ఉంది.

"మెడ కోసి తీయొచ్చు. కాని ఈ ఇరుకు పైన దవడ ఎముక చాటుకు ఉంది, కత్తి అందదు. వీరి గుండెకు ఇదివరకే ఒక దెబ్బ తగిలింది, మత్తు తట్టుకోలేరు. బెలూనొకటే దారి" అంది.

"మరి ఊదున్రి మేడం" అన్నాడు బావ.

"ఊదితే రాలుతుంది. రాలింది పోయేది మాట ఉన్న వైపే."

"మాట వోతదా?"

"పోవచ్చు. కుడి చెయ్యీ పోవచ్చు. ఏమీ చేయకుండా కూర్చున్నా పోవచ్చు."

"చెయ్యి పోతే పోయె మేడం. నేను రైలు నడిపేటోన్ని గాదు, రైలు సంగతి సెప్పేటోన్ని. మాట వోతే ఇంక నేనేడున్న?"

ఆమె నా వైపు తిరిగింది. "మీ గొడుగు నిజంగా పనిచేస్తే, నేను చేస్తా. అప్పటిదాకా గోలీలు."

స్టేషన్‌వాళ్ళు బావను మైకు నుంచి తప్పించి పార్శిల్ ఆఫీసులో కూర్చోబెట్టారు. మాట మధ్యలో ఆగిపోతే ప్రయాణికులు తికమకపడతారని వాళ్ళ భయం, న్యాయమైన భయమే. పార్శిళ్ళు మాట్లాడవు, మాట్లాడించవు. ఆదివారాలు బావ వచ్చి కూర్చునేవాడు గానీ నన్ను ఒక్క మాటా అనేవాడు కాదు. నన్నెవరూ వెక్కిరించని ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నేనూ అన్నా పనిలో పడ్డాం. గాజుగొట్టాన్ని మెడ వంపులా వంచి, పంపుతో గోరువెచ్చని నీళ్ళు తోయించి, అందులో గొడుగు తెరిచి, పైనుంచి పెళ్ళలకు బదులు ఏదో ఒకటి వదలాలి. ఏం వదలాలి? సన్నగా, గరుకుగా, ఒకే సైజులో ఉండేది కావాలి. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బొంబాయి రవ్వ.

తొట్టి నీళ్ళలో రవ్వ కలిపాం. పంపు సరిగ్గా లేకపోతే దాన్ని విప్పి, బిగించి, మధ్యలో భోజనం చేసి వచ్చి, అప్పుడు వదిలాం. ఒక్క పలుకు దాటలేదు. మొత్తం ఆగిపోయింది! అన్న నన్ను వాటేసుకున్నాడు. పక్క షెడ్లవాళ్ళకు కూడా మిరపకాయ బజ్జీలు పంచాం. పచ్చళ్ళ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఎందుకో తెలియకుండానే మాకు చప్పట్లు కొట్టారు. మర్నాడు డాక్టరమ్మను రప్పించి మళ్ళీ చేసి చూపించాం. బెలూను ఊదవలసింది ఆమె, బడాయి ఊదింది మేము.

ఆమె గొడుగులో చిక్కినదాన్ని వేలి మీదికి తీసుకుని నలిపింది. అది మెత్తగా అతుక్కుపోయింది.

"ఏంది ఇది?"

"రవ్వండి."

"నీళ్ళల్ల ఎంతసేపటి నుంచి ఉంది?"

నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రవ్వ నానుతుంది. నానితే ఉబ్బుతుంది. ఉబ్బిన పలుకు ఏ చిల్లులోనూ పట్టదు. మేము పరీక్షించింది గొడుగును కాదు, గోధుమను.

"మీరు నాకు రిజల్టు చూపిస్తున్నరా, టిఫిన్ పెడ్తున్నరా?" అంది డాక్టరమ్మ.

"జర కరివేపాకు, ఆవాలు గిట్ల వేస్తే అయిపోతుండె మేడం" అన్నాడు అన్న, ఆ మాట అనకుండా ఉండలేక.

రోజూ ఉప్పల్ నుంచి ఉప్మా తిని బయల్దేరే నేను, ఆ ఉప్మా ఎలా తయారవుతుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. ఇంటికొచ్చి నా భార్యకు చెబితే ఆమె నవ్వలేదు. "మా అన్న మెడల మీరు ఉప్మా వండకున్రి" అంది. అంతే. ఆ మాట చాలా రోజులు నా వెనకే తిరిగింది.

రవ్వ మానేసి కోడిగుడ్డు పెంకులు దంచి జల్లించి వదిలాం. పెంకు నానదు, ఉబ్బదు, నిజమైన పెళ్ళలాగే సున్నం. పెంకులు పరిశోధనకు, లోపలిది పరిశోధకులకు. షెడ్డు నిండా ఆమ్లెట్ల వాసన. ఆ పెంకు నలుసులు మా చిల్లుల్లోంచి ఎంత దర్జాగా దాటిపోయాయంటే, టికెట్టు ఉన్న ప్రయాణికులు కూడా అలా దాటరు. చిల్లులు చిన్నవి చేశాం. చేయించి, పారేసి, మళ్ళీ చేయించి, చివరికి తలవెంట్రుక మందానికి దించాం. అప్పుడు పెంకులు ఆగాయి.

ఆగాయి గానీ, ఇంకో చిక్కు మిగిలింది. పనయ్యాక గొడుగును ముడవాలి కదా. గొట్టాన్ని దాని మీదికి తోసి ముడిస్తే, పుల్లలకు అతికిన చిల్లుల సంచి నిండి ఉండి నలిగి, పట్టిందంతా పేస్టు ట్యూబు పిండినట్టు బయటికి ఉమిసేది. దొంగను పట్టుకుని పోలీస్ స్టేషన్ గుమ్మంలో వదిలేసినట్టుండేది మా వ్యవహారం. ఖాళీ గొడుగు చక్కగా ముడుచుకునేది. నిండిన గొడుగు ముడుచుకునేది కాదు. నిండకపోతే గొడుగెందుకు?

ఆ గొడవలోనే శివరాత్రి వచ్చింది. అత్తగారి వైపువాళ్ళంతా కీసరగుట్ట శివాలయానికి వెళ్ళడం ఆనవాయితీ. బావ వద్దన్నా వినకుండా వచ్చాడు. గుట్ట కింద జాతరలో, కోతులను బెదిరించడానికని, పిండితే కీచుమని అరిచే రబ్బరు చిలుక ఒకటి కొన్నాడు. కోతులు బెదరలేదు గానీ నేను రెండుమూడుసార్లు ఉలిక్కిపడ్డాను. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు.

దర్శనం వరసలో మా ముందు ఒక ముసలవ్వ నిలబడి ఉంది. నడుముకు దోపిన వక్కాకు సంచి తీసింది. గుడ్డ సంచి, నోటి చుట్టూ తాడు కుట్టినది. వక్క తీసి దవడకు పెట్టుకుని, తాడు రెండు కొసలూ చెరోవైపు లాగింది. మూతి ముడుచుకుంది. సంచి నిండుగా, ఉబ్బుగా, అలాగే వేలాడింది. ఆమె దాన్ని తలకిందులు చేసి నడుముకు దోపుకుంది. ఒక్క వక్కపలుకు రాలలేదు.

"అవ్వా, ఆ సంచి ఇంకోసారి తెరిచి మూస్తావా?" అన్నాను.

"వక్క గావాల్నా బిడ్డా?"

"వక్క వద్దు. ఊరికే తెరిచి మూయి."

ఆమె మూసింది. ఇంకోసారి అడిగాను. ఇంకోసారి మూసింది. మళ్ళీ అడిగేసరికి సంచిని రెండు చేతులతో పట్టుకుంది. "ఏంది నాయినా, నా సంచి మీద కన్నేసినవ్? పైసలు గూడ లేవందుల!"

"అవ్వా, ఏమనుకోకు" అన్నాడు బావ వెనకనుంచి. "మా బావ ఇంజనీరు. గిట్లనే ఉంటడు."

నేను బావ భుజం పట్టి ఊపేశాను. "బావగారూ, నోరు మూస్తే చాలు! కడుపు నొక్కక్కర్లేదు! నోరు మూస్తే అంతా లోపలే ఉంటుంది!"

"దేవుని కాడ నిలవడి నాకే సెప్తున్నవా నోరు మూయమని?" అన్నాడు.

దర్శనమయ్యాక నా చెప్పులు కూడా మరచిపోయి మెట్లు దిగుతున్నాను. గొడుగు మూతి చుట్టూ సన్న దారం. ముందు దారం లాగితే మూతి ముడుచుకుంటుంది. సంచిని నలపకుండా, కాస్త వెడల్పాటి గొట్టంలోకి దాన్ని అలాగే ఈడ్చుకోవచ్చు. తలలో బొమ్మ గీసుకుంటూ దిగుతున్న నాకు, వెనక బావ మెట్టు మీద కూర్చుండిపోయాడని నా భార్య అరిస్తే గానీ తెలియలేదు.

"ఎడమ కన్నుకు షట్టర్ దించిన్రు బావా" అన్నాడు మెల్లగా. కాసేపటికి ఆ షట్టరు మళ్ళీ లేచింది. ఈసారి ఎవరం నవ్వలేదు. చేతిలోని చిలుకను మాత్రం బావ వదల్లేదు.

తర్వాత జరిగినదంతా చెబితే షెడ్డు డైరీ అవుతుంది. దారం కుట్టిన గొడుగు పెంకులను పట్టింది, మూతి మూసుకుంది, ఉమియలేదు. నాచారం మాంసం దుకాణం నుంచి తెచ్చిన మేక రక్తపు గడ్డలను పట్టింది. జంతువుల మీద పరీక్షలు వేరే చోట, వేరేవాళ్ళు చేశారు, వాటిలోనూ నిలిచింది. వేరే దారి లేని రోగులకు మాత్రం వాడవచ్చని డాక్టరమ్మకు అనుమతి వచ్చేసరికి ఎండాకాలం గడిచి వానలు మొదలయ్యాయి.

అందరూ సంబరపడుతుంటే నేను మాత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మొదటి గొడుగు ఇంకెవరికైనా వేసి, బావకు తర్వాత వేయమని అడిగాను. పక్కనే ఉన్న బావ విన్నాడు.

"ఎందుకు బావా? వేరేటోళ్ళ మాటకు కిమ్మతు లేదా?"

ఇంటికొచ్చి నేను దిగులుగా కూర్చుంటే నా భార్య అంది: "మీరు జేసిందే గదా. మీకే నమ్మకం లేకుంటే మా అన్నకెట్లుంటది? ఆయనకున్నది. మీరు జర ధైర్యంగుండున్రి."

బావకు గొడుగు పెట్టే రోజు ఉదయం నన్ను అద్దం గోడ వెనక, యంత్రాలు నడిపేవాళ్ళ పక్కన నిలబెట్టారు. గొడుగు సంగతి ఏదైనా అడిగితే చెప్పడానికి. లోపలి మాటలు చిన్న స్పీకరులో వినిపిస్తున్నాయి. ఇలాంటి పనికి మనిషిని నిద్రపుచ్చరు. మెలకువగా ఉండాలి, ఎందుకంటే మెదడు బాగుందో లేదో చెప్పగలిగింది మెదడొక్కటే. అందుకని డాక్టరమ్మ ముందే చెప్పింది, పిండితే కూసే బొమ్మ ఏదైనా తెచ్చుకోమని. కుడి చేతిలో అది కూస్తున్నంతసేపూ అంతా క్షేమమన్నట్టు. బావకు కొనాల్సిన పని లేకపోయింది. కీసర చిలుకను సబ్బుతో కడిగి పట్టుకొచ్చాడు.

"చిలుక" అంది డాక్టరమ్మ.

కీచ్.

"ఏదైనా మాట్లాడండి. మీకు నోటికి వచ్చినవి. స్టేషన్లు చెప్పండి."

"సికింద్రాబాద్" అన్నాడు బావ మైకు గొంతుతో. "మౌలాలి. చర్లపల్లి…"

తెర మీద మా తీగ ఇరుకు సందులోంచి దూరి అవతలికి చేరింది. గొట్టం వెనక్కి జరిగింది. గొడుగు విచ్చుకుంది. మా పుల్లలు, మా తీగ, తన ఆకారం మరచిపోలేదు. నా పక్కనున్నాయన "అరె, పువ్వులెక్క ఉన్నది" అన్నాడు. అది గొడుగని నేను దిద్దలేదు.

"ఇప్పుడు మాటలు వద్దు, మెడ కదులుతుంది. చిలుక చాలు" అంది ఆమె. బెలూను ఊదింది. కీచ్. బెలూను దించింది. కీచ్. దారి వెడల్పుగా నిలవడానికి లోహపు జాలీ గొట్టం ఒకటి అక్కడ విప్పింది. చిలుక సగం కూసింది. మళ్ళీ కూయలేదు.

"చిలుక."

ఏమీ లేదు.

"చిలుక పిండండి."

చప్పుడు లేదు. ఆమె ఎక్స్‌రేకు కనబడే మందు వదిలింది. తెర మీద నల్లగా పైకి పాకవలసిన మందు గొడుగు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. గొడుగు అవతల ఏమీ లేదు. మెదడుకు వెళ్ళే నల్లని కొమ్మలన్నీ మాయమయ్యాయి.

ఆమె తల తిప్పకుండా, స్పీకరులో నన్ను అడిగింది: "గొడుగు నిండిందా, ఇంకేమన్నానా?"

నేను ఆ ఆకారాన్ని గాజుగొట్టంలో చూసినన్నిసార్లు అద్దంలో నా మొహాన్ని చూసుకోలేదు. పెంకులు నిండితే దాని అడుగు ఎలా బరువుగా వాలుతుందో తెలుసు. "నిండింది" అన్నాను. "దారి మూసుకుపోయేంత పట్టింది."

"మూస్తే ఉమియదు కదా?"

"మూతే మూసుకుంటుంది. సంచి నలగదు." ఆ మాట చెప్పడానికి నాకు తడబాటు రాలేదు. ఎందుకంటే ఆ ఒక్క సంగతీ నాకు నిజంగా తెలుసు.

ఆమె సన్న గొట్టంతో గొడుగు కింద నిలిచిన రక్తాన్ని పీల్చేసింది. దారం లాగింది. తెర మీద మూతి ముడుచుకోవడం చూశాను. కింద సంచి అలాగే నిండుగా, ముసలవ్వ నడుముకు దోపుకున్నట్టే, గొట్టంలోకి వచ్చింది. బయటికి వచ్చేసింది. ఆమె మళ్ళీ మందు వదిలింది. ఈసారి నల్లని కొమ్మలన్నీ ఒక్కసారిగా, చిగుళ్ళతో సహా, తెర నిండా విచ్చుకున్నాయి.

చిలుక మాత్రం కూయలేదు.

అప్పుడు, చాలా నీరసంగా, ముక్కులోంచి వచ్చినట్టు: కీ…

తర్వాత: కీచ్. కీచ్. కీచ్ కీచ్ కీచ్.

"చాలు, చాలు" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో నవ్వు వినడం నాకదే మొదలు. "ఏ స్టేషన్ దాకా వచ్చారు?"

స్పీకరులో ఊపిరి వినబడింది.

"ఘ…"

నేను అద్దానికి నుదురు ఆనించాను.

"ఘట్‌కేసర్, మేడం" అన్నాడు బావ. "అవుటర్ సిగ్నల్ కాడ ఆపిన్రు గద జరసేపు. మా గొట్టం బావ గేటేసిండు గావచ్చు."

నా పక్కనున్నాయన నా వీపు మీద చరిచాడు. నేనేం చేశానో నాకు గుర్తులేదు. నా భార్య తర్వాత చెప్పింది, బయటికొచ్చి ఆమెతో మాట్లాడబోయి "ఘట్‌కేసర్, ఘట్‌కేసర్" అని రెండుసార్లు అని, మూడోది అనలేక ఏడ్చానని. ఆమెకు అర్థం కావడానికి అదే సరిపోయిందట.

డాక్టరమ్మ ఆ సంచిని ఉప్పునీళ్ళ గిన్నెలో విప్పి చూపించింది. పసుపు రంగు పెళ్ళలు, కొన్ని నలుసులంత, ఒకటి ఆవగింజంత. "ఇవన్నీ మాట వైపు పోవలసినవి" అంది. సాయంత్రం వార్డులో బావకు సీసాలో పెట్టి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ ఊపి చూశాడు. ఏ చేత్తో ఎత్తాడో నేను చూశాను. కుడి చేత్తో.

"గింత ఉప్మాకా బావా, నా నోరు వోయేది?"

చెల్లెలు చెప్పేసిందన్నమాట. వార్డులో ఉన్నవాళ్ళందరికీ ఆ ఉప్మా కథ ఆయనే చెప్పాడు, నా ఎదురుగా, నా వేషంతో సహా. మంచాల మీదివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నా మీద అంతమంది నవ్వుతుంటే అంత గర్వం నాకు మునుపెన్నడూ కలగలేదు.

మర్నాడు షెడ్డులో అన్న మళ్ళీ బజ్జీలు తెప్పించాడు. "ఈసారి అసలు బజ్జీలు, మొన్నటియి అప్పు" అన్నాడు. పచ్చళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు ఆవకాయ జాడీ పంపారు. చప్పట్లు ఎందుకు కొట్టాలో ఈసారి తెలుసుకుని మరీ కొట్టారు. ఆ తర్వాత డాక్టరమ్మ ఇంకొందరికి మా గొడుగు పెట్టింది. వాళ్ళ చేతుల్లో ఏ బొమ్మలు కూశాయో నేను చూడలేదు. "కూసింది" అని ఆమె ఫోను చేసేది. అంతే చెప్పేది. ఆ ఒక్క మాటకు షెడ్డంతా పని ఆపేసేది.

బావ మళ్ళీ మైకు ముందు కూర్చున్న మొదటి రోజుల్లో, పని మీద విజయవాడ వెళ్ళడానికి నేను స్టేషన్‌కు వెళ్ళాను. ముసురు పట్టి ఉంది. ఆయన గదిలో చాయ తాగి, నాలుగు వెక్కిరింతలు కడుపునిండా తిని, ప్లాట్‌ఫారం మీదికి వచ్చి సగం దూరం నడిచాను. తల మీద రేకుల గొట్టం స్పీకరు గురగురలాడింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. కాజీపేట వెళ్ళు ప్యాసింజరు, ఘట్‌కేసర్ మీదుగా…" ఆ ఘ అక్షరాన్ని ఎంత పొడుగు తీశాడంటే, రైలు పట్టేంత. "…మరికొద్ది నిమిషాలలో రానున్నది. మరొక విజ్ఞప్తి. నాచారంలో గొడుగులు తయారుచేయు ఇంజనీరుగారు తమ సొంత గొడుగును అనౌన్సరు గదిలో మరచిపోయినారు. దయచేసి వచ్చి తీసుకొనవలసినదిగా కోరుచున్నాము."

ప్లాట్‌ఫారం అంతా నవ్వింది. ఎవరా ఇంజనీరు అని అందరూ అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను, నేను కానట్టు. స్పీకరు ఆగలేదు. అదే విజ్ఞప్తి హిందీలో మొదలైంది.

గొడుగు కోసం వెనక్కి తిరగవలసినవాణ్ణి. తిరగలేదు. రేకుల కప్పు దాటి, మాట బాగా వినబడే చోట నిలబడ్డాను. ఇంకా ఇంగ్లీషు మిగిలి ఉంది. అది కూడా పూర్తయ్యేదాకా అక్కడే, హాయిగా, తడిశాను.